నేను మార్చిన అంకెలు

"ఉద్యోగంలో ఎలా పైకి రావాలో మా వయసువాళ్ళకి నాలుగు మాటలు రాసివ్వండి అంకుల్" అని మీలో ఇద్దరు మా ఫ్లాట్‌కి వచ్చి అడిగారు. పైకి రావడం గురించి నాకు తెలిసింది తక్కువ. ముప్ఫై ఏళ్ళు పనిచేసి, ఆఖరి పద్నాలుగు నెలలూ పార్సిళ్ళ గదిలో అట్టపెట్టెలకి టేపు అంటించి ఇంటికి వచ్చినవాణ్ణి. ఎందుకు అంటించవలసి వచ్చిందో రాస్తాను. మన తెలుగు సంఘం సంచికకి పనికిరాదనుకుంటే మొత్తం వెనక్కి ఇచ్చెయ్యండి. మధ్యలో ఒక్క వాక్యం కూడా తీసెయ్యకండి.

పేర్లు రాయడం లేదు. భయపడి కాదు. ఇందులో ఉన్న వ్యక్తి నా స్నేహితుడు, అతను రాయమన్నాడు కాబట్టే రాస్తున్నాను.

మాది ఈ పరాయి దేశంలో ఆంగ్ మో కియో అనే పారిశ్రామికవాడలో ఒక చిన్న ప్రయోగశాల. ఆసుపత్రుల్లో మందులు తూచే త్రాసులు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి తూనికరాళ్ళు ఉంటాయి. ఆ రాళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో తేల్చడం మా పని. రాయి అని పేరేగానీ అద్దంలా మెరిసే ఉక్కు. చేత్తో ముట్టుకోకూడదు. వేలిముద్రకి కూడా బరువుంటుంది.

పద్ధతి ఇది. ఇద్దరు కూర్చుంటారు. చదివేవాడు త్రాసు ఎదురుగా కూర్చుని తెర మీది అంకెలు పైకి చదువుతాడు. రాసేవాడు పక్కబల్ల దగ్గర కూర్చుని, విన్న అంకెల్ని తను కూడా పైకి అని, సిరాతో రిజిస్టరులో రాస్తాడు. రాసేవాడు తెర చూడకూడదు. చూస్తే చెవితో విన్నది కాకుండా కంటితో చూసింది రాస్తాడు, అప్పుడు ఇద్దరు ఉండీ ఒకడే అవుతాడు. కొత్త త్రాసులు వాటంతటవే కంప్యూటరుకి లెక్క పంపేవి. అన్నిటికంటే సున్నితమైన పాత త్రాసు ఒక్కటి మాత్రం ఈ చేతిరాతలోనే ఉండిపోయింది. ఆ గదిలో పద్దెనిమిదేళ్ళు అతను చదివాడు, నేను రాశాను.

అతనిది వరంగల్ వైపు. గడీ ముందు నుంచి వెళ్ళేటప్పుడు చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్న తాతకి మనవడు. నాది విజయనగరం వైపు. ఎదుటివాళ్ళ చేత చెప్పులు విప్పించిన ఇంట్లో, ఆ ఇంటికి తలుపులు కూడా మిగలని రోజుల్లో పుట్టాను. మొదటి వారంలోనే ఈ సంగతి తెలుసుకుని నాకు "దొర" అని పేరు పెట్టాడు.

"ఏం దొరా, అంగీ ఇస్త్రీ మడత నలగలేదు, ట్రైన్ల నిలబడే వచ్చినవా?"

"కూర్చుంటే నలుగుతుంది."

"రాజ్యం పోయినా ఇస్త్రీ పోలేదు."

ఎగతాళి అని తెలుసు. అయినా ఇంకెవరూ అలా పిలిచేవాళ్ళు లేరు కాబట్టి ఊరుకున్నాను.

నియమం ప్రకారం అంకెలు ఇంగ్లీషులో చదవాలి. మేము తెలుగులో చదువుకునేవాళ్ళం. "ఏడు, మూడు, మూడు, సున్న" అని అతను అంటే "ఏడు, మూడు, మూడు, సున్న" అని నేను. ఆఫీసు మొత్తానికి తెలుగు వచ్చినవాళ్ళం ఇద్దరమే. మీరు లోపల పూజ చేసుకుంటున్నారా అని పక్కగదివాళ్ళు అడిగేవారు. ఆ గదిలో మన భాష మోగుతుందని నాకు గొప్పగా ఉండేది. మూసిన తలుపు వెనక, ఎవరికీ తెలియని భాషలో పనిచేసేవాళ్ళని పట్టుకునేవాళ్ళు ఎవరూ ఉండరని నాకు తట్టలేదు.

మార్పు మాటల్లో మొదలైంది. మితంగా మాట్లాడే మనిషి ఆగకుండా మాట్లాడసాగాడు. నిద్ర అవసరం లేదనేవాడు. ఒకరోజు నలభైమందికి బిర్యానీ పొట్లాలు తెచ్చి, తిననివాళ్ళతో పోట్లాడాడు. మరుసటి వారం ఎవరు పలకరించినా తలెత్తలేదు. ఆ పై వారం మళ్ళీ మాటలు.

ఒక మధ్యాహ్నం హాకర్ సెంటర్లో, తిండి అంగళ్ళన్నీ ఒకచోట ఉండే ఆవరణలో, జరిగింది చెప్పాలి. అక్కడ జనం ఖాళీ బల్లల మీద టిష్యూ పొట్లాలు పెట్టి చోప్ చేసి, అంటే చోటు ఆపుకుని, తిండి తెచ్చుకోవడానికి వెళ్తారని మీకు తెలుసు. నేను కాఫీ కోసం వరుసలో నిలబడి వెనక్కి తిరిగేసరికి, అతను బల్లబల్లకీ తిరిగి ఆ పొట్లాలన్నీ ఏరుకొచ్చి మా బల్ల మీద గుట్ట పోశాడు.

"జమీందారీ రద్దు చేసిన దొరా! ఇగ ఎవని సీటు వానిది కాదు."

నవ్వు వచ్చింది. నిజం చెప్పాలి, మొదట నవ్వాను. తరవాత అతని కళ్ళు చూశాను. అతను నవ్వడం లేదు. పళ్ళేలు పట్టుకుని వచ్చినవాళ్ళు చుట్టూ మూగారు. ఒక ముసలాయన హొక్కియెన్ అనే చైనా భాషలో తిడుతున్నాడు. అతను బెంచీ ఎక్కి ఉపన్యాసం మొదలుపెట్టాడు. నేను ఆ పొట్లాలు తీసుకుని ఒక్కొక్క బల్ల దగ్గరికీ వెళ్ళి క్షమించమన్నాను. ఏది ఎవరిదో తెలియదు, చేతికి వచ్చింది ఇచ్చాను. మా వంశంలో అన్నిసార్లు ఒక్క పూటలో ఆ మాట అన్నవాడు ఉండడు.

ఆ ఆదివారం అతని భార్య రమ్మని కబురు పెట్టింది. వాళ్ళు బిషాన్‌లో ఉండేవారు. ఇంట్లోకి పిలవలేదు, బ్లాకు కింద రాతిబల్ల దగ్గరికి దిగి వచ్చింది. కూతురు కూడా వచ్చి పక్కన నిలబడింది.

"అన్నా, నాలుగు రోజులాయె కన్ను మూయక. దవాఖానకు పోదామంటే, నాకేం రోగం అని మీదికొస్తుండు. ఆఫీసుల తెలిస్తే కొలువు పోతది. కొలువు పోతే పాస్ పోతది, ఈ దేశంల ఉండనియ్యరు. గీ యేడే పిల్ల పరీక్షలు."

"డాడీ స్కోల్డ్స్ ద టీవీ, అంకుల్. స్విచాఫ్ చేసి ఉంటుంది లా, స్టిల్ హీ స్కోల్డ్స్" అంది పిల్ల, మాట చివర "లా" చేర్చే ఇక్కడివాళ్ళ ఇంగ్లీషులో.

అప్పుడు నేను వెన్ను నిటారుగా పెట్టి ఒక మాట అన్నాను. "దిగులు పడకమ్మా. నా దగ్గరికి వచ్చిన మాట గడప దాటదు."

ఆ మాట నాది కాదు. మా ఇంటిది. మా చినతాతయ్యకి ఇలాగే ఉండేది. ఆయన్ని మేడ మీద గదిలో ఉంచి, వచ్చినవాళ్ళకి కాశీ వెళ్ళారని చెప్పేవారు. పదకొండేళ్ళు ఆయన కాశీలో ఉన్నారు. భోజనం పళ్ళెం మాత్రం రోజూ మేడ ఎక్కేది. ఊరందరికీ తెలుసు, ఊరందరూ "కాశీ నుంచి ఎప్పుడు వస్తారు?" అని అడిగేవారు. పరువు అంటే అదేనని నేను నేర్చుకున్నాను.

ఇక త్రాసు గది సంగతి. ఒక ఉదయం అతను అంకెలు చదువుతున్నాడు, నేను రాస్తున్నాను. అరగంటకి నాకేదో తేడా తోచింది. పాత త్రాసులో ఆఖరి అంకె ఎప్పుడూ కాస్త అటూ ఇటూ కదులుతుంది. మనిషి ఊపిరి తగిలినా కదులుతుంది. అతను చదువుతున్న అంకెలు కదలడం లేదు. ఒక పద్యం పాదంలా లయగా వస్తున్నాయి. తలెత్తి చూశాను. అతని కళ్ళు తెర మీద లేవు, పైకప్పు మీద ఉన్నాయి.

ఆపి, "చూసి చదువయ్యా" అనవలసింది. అనలేదు. కాస్త పక్కకి వంగితే నా కుర్చీలోంచి తెర కనిపిస్తుంది. ఎవరి ముందూ నడుం వంచనివాణ్ణని చెప్పుకునే నేను, వంగాను. తెర మీద ఉన్నది వేరు. అతను అన్న అంకెల్నే పైకి అని, కాగితం మీద తెర మీది అంకెలు రాశాను.

ఆ రోజు ఒక్కసారే అనుకున్నాను. పదకొండు వారాలు అలాగే చేశాను. అతను మంచిగా ఉన్న రోజుల్లో చూసే చదివేవాడు. లేని రోజుల్లో నేను వంగేవాణ్ణి. రాసిన అంకెలన్నీ నిజమైనవే కదా అని సర్దిచెప్పుకున్నాను. రాళ్ళు తప్పుగా వెళ్ళలేదు, ఏ రోగికీ మందు ఎక్కువ తక్కువ కాలేదు, స్నేహితుడి కొలువు నిలిచింది. ఇంతకంటే మర్యాదస్థుడు ఎలా ఉంటాడు?

నేను మరిచిపోయింది ఒకటుంది. ఆ జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు అతని జ్ఞాపకం కత్తిలా ఉండేది. తను నోటితో అన్న ప్రతి అంకె అతనికి గుర్తుంది. ఒకరోజు రిజిస్టరు తిరగేశాడు.

అప్పటి నుంచి ఒకటే మాట. "ఎవడో నా అంకెలు మారుస్తున్నడు." క్యాంటీన్లో అన్నాడు, లిఫ్టులో అన్నాడు, మేనేజరుకి ఒక్కరోజులో పంతొమ్మిది ఈమెయిళ్ళు పంపాడు. నా దగ్గరికి వచ్చి, "దొరా, నువ్వు నా పక్కకే కూసుంటవు గదా. నేను చెప్పింది నువ్వు మళ్ళ అంటవు, నేను ఇంట. పుస్తకంల ఇంకోటుంటది. రాసినంక ఎవడొస్తుండు లోపలికి?" అని అడిగాడు.

"ఎవరూ రారు. నువ్వు నిద్రపో, అంతా సర్దుకుంటుంది" అన్నాను.

మా మేనేజరు ఇక్కడి చైనా ఆవిడ. నాకంటే పదిహేనేళ్ళు చిన్న. నన్ను పిలిచి, తలుపు మూసి ఇంగ్లీషులో సూటిగా అడిగింది. "అంకెలు ఎవరైనా మారుస్తున్నారా?"

"ఎవరూ మార్చడం లేదు."

"మరి ఆయన?"

"అలిసిపోయాడు."

ఆమె పెదవి విరిచి, బొటనవేలితో కణత తట్టి చూపించింది. నేను ఆ సైగకి అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆ భవనంలో అందరూ పిచ్చి అనుకుంటున్న మాట నిజమని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తన చెవులు తనని మోసం చేస్తున్నాయని ఒక మనిషి నమ్మేలా చేసింది జబ్బు కాదు. నేను. వైద్యం ఆలస్యమైంది కూడా నా వల్లనే. ఆ అంకెల సంగతి తప్ప మిగతాదంతా బానే ఉందని ఇంట్లోవాళ్ళకి చెప్పి, వాళ్ళని కూడా తొందరపడనివ్వలేదు. ఇదీ నా మర్యాద.

తనిఖీ రోజు వచ్చింది. మా ప్రయోగశాలకి గుర్తింపు కొనసాగించాలా వద్దా అని చూడటానికి బయటినుంచి ఒక పెద్దాయన వచ్చాడు, తెల్లజుట్టు, మెత్తని మాట. తన కళ్ళ ముందు ఒక రాయి తూచి చూపించమన్నాడు. నేను ముందే ఏర్పాటు చేసుకున్నాను, ఆ రోజుకి నేను చదువుతాను, అతను రాస్తాడు. గదిలోకి వెళ్ళేసరికి అతను చదివేవాడి కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"లెవ్వయ్యా, ఈవేళ నేను చదువుతాను" అని మెల్లగా అన్నాను.

"పద్దెనిమిదేండ్లు నేనే చదివిన. ఇయ్యాల గూడ నేనే చదువుత."

మేనేజరు గోడ పక్కన నిలబడి ఉంది. పెద్దాయన నా వెనక కూర్చున్నాడు. గొడవ చెయ్యడానికి లేదు. రాసేవాడి కుర్చీలో కూర్చుని కలం విప్పాను.

రాయి త్రాసులోకి వెళ్ళింది. అంకె స్థిరపడింది. అతను తెర వైపు చూడలేదు. కుర్చీ నా వైపు తిప్పుకుని, నా ముఖంలోకి చూస్తూ, తెలుగులో నాలుగు అంకెలు చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు.

"రాయ్ దొరా. నేను చెప్పింది ఎట్లాగు రాయవు గదా. నువ్వే గదా మార్చేది? నిన్న రాత్రంత ఆలోచించిన. గదిల ఉన్నది ఇద్దరం. నేను కాకుంటే నువ్వే. చెప్పు, ఈళ్ళందరి ముంగట చెప్పు, నాకు పిచ్చా?"

గదిలో తెలుగు తెలిసినవాళ్ళు మేమిద్దరమే. నేను కాస్త వంగి, తెర మీది అంకెలు చూసి, ఇంగ్లీషులో పైకి అని, రాసేస్తే అయిపోయేది. పెద్దాయన తల ఊపేవాడు. అతని కొలువు ఇంకో నెల నిలిచేది. పిల్ల పరీక్షలు అయ్యేవి. నా ముప్ఫై ఏళ్ళ మచ్చలేని సంతకం అలాగే ఉండేది. అంతా కాశీలో క్షేమంగా ఉండేది.

కలం మూత పెట్టి బల్ల మీద పెట్టాను.

"ఏమన్నారు ఆయన?" అని పెద్దాయన ఇంగ్లీషులో అడిగాడు.

అతను అన్నది అక్షరం పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పాను. "నాకు పిచ్చా?" అన్నది కూడా. చెప్పి, "ఆయన మాట నిజం. పదకొండు వారాలుగా అంకెలు మారుస్తున్నది నేనే" అన్నాను.

మేనేజరు గోడకి ఆనుకుంది. నా స్నేహితుడు నా వైపు చూసి నవ్వాడు, ఎన్నో వారాల తరవాత వచ్చిన నవ్వు. "చూసినవా! నేను చెప్పలే?"

"చెప్పావు. నువ్వు చెప్పింది నిజం. ఇప్పుడు నేను చెప్పేది కూడా విను. నువ్వు తెర చూడకుండా చదువుతున్నావు. ఒకసారి అటు తిరిగి చూడు."

తిరగనన్నట్టు కాసేపు కూర్చున్నాడు. తరవాత తిరిగాడు. చాలాసేపు చూశాడు. కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ చూశాడు. ఒక్కొక్క అంకె చదివాడు, ఈసారి ఉన్నవి ఉన్నట్టు.

"ఇదేంది దొరా?" అన్నాడు. ఆ గొంతు నేను అంతకు ముందు వినలేదు. "నేను ఏం చదివిన మరి?"

లేచి వెళ్ళి అతని కుర్చీ పక్కన నిలబడ్డాను. పెద్దాయన తన కాగితాలు మూసి, "ఆయనకి ఎవరైనా మంచినీళ్ళు ఇవ్వండి" అన్నాడు. తనిఖీలో ఆయన రాసినవన్నీ మరిచిపోయాను గానీ ఆ మాట గుర్తుంది.

మధ్యాహ్నం మేనేజరు ఒక కాగితం ముందు పెట్టింది. నా స్నేహితుడు దొంగ అంకెలు చదివాడనీ, నాకు ఆలస్యంగా తెలిసిందనీ అందులో ఉంది. "మీకు రిటైర్‌మెంట్ దగ్గరపడింది. సంతకం పెట్టండి, మంచి విందుతో పంపిస్తాం. ఆయన సంగతి మేం చూసుకుంటాం" అంది.

"ఆయన సంగతి ఎలా చూసుకుంటారు?"

"మీకు తెలుసు లా."

తెల్లకాగితం అడిగి తీసుకున్నాను. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏం చేశానో నా చేత్తో రాశాను. చివర ఇలా రాశాను: ఆయన చేసింది జబ్బు చేయించిన పని, దానికి డాక్టరు ఉన్నాడు, సెలవు ఉంది. నేను చేసింది తెలివితో చేసిన పని. ఇద్దరిలో ఒకరిని తీసెయ్యాలంటే తెలివిలో ఉన్నవాణ్ణి తీసెయ్యండి. ఆ కాగితం ఒక ప్రతి తనిఖీ పెద్దాయనకి కూడా పంపాను. ఆవిడకి కోపం వచ్చింది. రావలసిందే.

పదకొండు వారాల రాళ్ళన్నిటినీ వెనక్కి తెప్పించి మళ్ళీ తూచారు. అంకెలన్నీ నేను రాసినట్టే వచ్చాయి. అది విని నన్ను సమర్థించుకోవచ్చని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. అక్కర్లేదన్నాను. ఇద్దరు చేశారని సంతకాలు ఉన్నచోట ఒక్కడే చేశాడు. అంకె సరైనదే, కాగితం అబద్ధం.

నన్ను సంతకాల నుంచి తప్పించి పార్సిళ్ళ గదికి పంపారు. రాజీనామా చేస్తాననుకున్నారు. చెయ్యలేదు. రోజూ ఇస్త్రీ చొక్కాతో వెళ్ళి టేపు అంటించాను. ఒక్క పెట్టె కూడా తిరిగి రాలేదు. విందు పెట్టలేదు, నేను అడగలేదు.

తనిఖీ జరిగిన సాయంత్రమే అతని భార్య దగ్గరికి వెళ్ళి, గడప దాటనివ్వనన్న మాట గడప దాటించానని చెప్పాను. ఆమె నన్ను తిట్టింది. తరవాత ఆమె, పిల్ల, నేను కలిసి అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. జబ్బుకి పేరు ఉందనీ, మందు ఉందనీ అప్పుడు తెలిసింది. అతనికి సెలవు దొరికింది, కొలువు నిలిచింది. ఆరు నెలల తరవాత వేరే బల్లకి తిరిగి వచ్చాడు. పిల్ల పరీక్షలు రాసింది. బాగా రాయలేదు, మరుసటి ఏడు మళ్ళీ రాసింది.

ఏడు నెలలు అతను నాతో మాట్లాడలేదు. జబ్బు వల్ల కాదు, కోపంతో. ఆ కోపానికి హక్కు ఉంది. తరవాత ఒకరోజు పార్సిళ్ళ గది గుమ్మంలో నిలబడి, "ఏం దొరా, రాళ్ళు మోస్తున్నవా?" అన్నాడు.

"మోస్తున్నాను. నిలబడి చూసే బదులు ఆ చివర పట్టుకో."

పట్టుకున్నాడు.

ఇప్పుడు మీ సంగతి. కిందటేడు మన సంఘం పిక్నిక్కి అతన్ని తీసుకొచ్చినప్పుడు, మీలో ఒకరి తండ్రి నన్ను పక్కకి పిలిచి, "ఎందుకండీ ఆయన్ని, పిల్లలుంటారు కదా" అన్నారు. నేను జవాబు చెప్పకుండా అతన్ని తీసుకెళ్ళి ముందు వరుసలో కూర్చోబెట్టాను. ఇది ఆ జవాబు. ఆయన చదువుతారనే రాస్తున్నాను. మీ ఆఫీసుల్లో, మీ గదుల్లో ఇలాంటి స్నేహితుడు ఒకడు ఉంటాడు. అతన్ని దాచడం ప్రేమ అనుకోకండి. నేను అనుకున్నాను. అతను మంచివాడిగా ఉండకపోవచ్చు, మీ చేత వందమందికి క్షమాపణలు చెప్పించవచ్చు. భరించలేని రోజున లేచి ఇంటికి వెళ్ళండి, మర్నాడు రండి. కానీ అతని అంకెలు మార్చకండి.

రోజుకి ఎన్ని గంటలు నిద్రపోయాడో రాసిపెట్టమని డాక్టరు చెప్పారు. నిద్ర తగ్గిందంటే జబ్బు తిరిగి వస్తోందని గుర్తు. అతని చేతికి పిల్ల ఒక గడియారం కొనిపెట్టింది, అది లెక్క చూపిస్తుంది. రోజూ ఉదయం ఏడింటికి నాకు ఫోను చేస్తాడు. అతను చదువుతాడు, నేను రాస్తాను. మూడు నోటుపుస్తకాలు అయ్యాయి.

మొన్న గొంతులో కాస్త హుషారు ఎక్కువగా వినిపించింది.

"ఏడు గంటలు, దొరా."

నేను తిరిగి అనలేదు. "గడియారం చూసి చెబుతున్నావా?" అన్నాను.

అతను గడియారం మీద వేలితో తట్టడం వినబడింది.

"నాలుగు" అన్నాడు.

"నాలుగు" అన్నాను.

"రాసినవా?"

"రాశాను. చొక్కా వేసుకుని కిందికి దిగు, డాక్టరు దగ్గరికి వెళ్దాం. నేను బయలుదేరుతున్నాను."